పళ్లు కనబడకుండా నవ్విన ఏండ్లు

పదమూడేండ్లు వచ్చేదాకా నా పళ్లలో ఏదో తేడా ఉందని నాకు తెల్వదు. మాది నల్గొండ జిల్లా మర్రిగూడ మండలంలో ఒక ఊరు. మా ఇంట్లో, మా వాడలో, మా బడిలో అందరి పళ్లూ ఒక్క తీరుగనే ఉండె. ముందటి పళ్ల మీద తెల్లటి మచ్చలు, వాటి నడుమ అడ్డంగా గోధుమరంగు చారలు, పెద్దోళ్లకైతే అంచులు పెచ్చులూడి. పళ్లంటే అట్లనే ఉంటయనుకున్న. సినిమాల్లో కనబడే తెల్లటి పళ్లు లిప్‌స్టిక్కు లెక్క వాళ్లు పెట్టుకునేవేమో అనుకున్న.

2006లో ఎనిమిదో తరగతికి నన్ను నల్గొండలో హాస్టల్‌లో వేసిండ్రు. మొదటి రాత్రి అన్నం కాడ వరుసలో కూసున్నప్పుడు పక్కన పిల్ల నా మొఖం దిక్కు చూసి, "నువ్వు పళ్లు తోముకోవా?" అని అడిగింది. ఎక్కిరించినట్టు కాదు, నిజంగనే తెల్వక అడిగింది. అవతలి పిల్ల మాత్రం తన పళ్లెం కొంచెం పక్కకు జరుపుకున్నది. అంతే జరిగింది. ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. కానీ ఆ పళ్లెం జరిగిన జానెడు దూరం నా ఎనిమిదో తరగతిని సగం మింగేసింది.

ఇదంతా ఇప్పుడెందుకు రాస్తున్ననంటే, మా అన్న బిడ్డకు ఇప్పుడు పదమూడు. ఈ ఏడు బడి మారింది. మారినప్పటి నుంచి ఇంట్లో నోరు తెరుస్తలేదు. దాని పళ్లు బాగనే ఉన్నయి. మాట్లాడితే దాని గొంతు బొంగురుగ ఉంటదని, క్లాసులో అందరికంటే జానెడు పొడుగు ఉంటదని అక్కడి పిల్లలకు ఏదో పేరు పెట్టుకునేందుకు దొరికింది. దానికి ఫోన్‌లో చెప్పిన ముచ్చట్లే ఇవి. అదే ఈడు పిల్లలు ఇంకా ఎవరైనా చదువుకుంటరని రాస్తున్న. అందుకే "నువ్వు" అనే రాస్తున్న.

మొదట చెయ్యి సంగతి చెప్తా. హాస్టల్‌కు పోయిన నెల తిరగక ముందే నా ఎడమ చెయ్యి దానంతట అదే నోటి మీదికి పోవుడు మొదలుపెట్టింది. నవ్వొస్తే చెయ్యి, మాట్లాడితే చెయ్యి, ఆవులిస్తే చెయ్యి. చెయ్యి ఖాళీ లేకపోతే చున్నీ కొంగు. పెదాలు సాగదీయాల్సిన మాటలు తగ్గించిన. "ఏమిటి" అంటే పళ్లు కనబడతయి, "ఊఁ" అంటే కనబడవు. క్లాసులో సార్లు ప్రశ్న అడిగితే జవాబు తెలిసినా "తెల్వదు సార్" అని తల వంచుకొని గొణిగేదాన్ని. అట్ల ఆరు నెలలు గడిచేసరికి నాకు కొత్త పేరొచ్చింది. పొగరుబోతు అని. పళ్ల సంగతి సగం మందికి పట్టనే లేదు, వాళ్లు నా మూసుకున్న నోరునే చూసిండ్రు. దాచుకుంటే దాగుతదని నువ్వు అనుకుంటున్నవేమో. దాచుకునే పనే ఎదుటోళ్లకు అన్నిటికంటే ముందు కనబడుతది, దానికి వాళ్లు తమకు తోచిన అర్థం చెప్పుకుంటరు.

దసరా సెలవులకు ఇంటికి పోయిన. అక్కడన్నా హాయిగ ఉంటననుకున్న. మా పెద్దమ్మ ఏదో నవ్వులాట ముచ్చట చెప్పింది. నేను నవ్విన, అలవాటుగ చెయ్యి నోటి మీదికి పోయింది. ఆమె మాట ఆగిపోయింది. "ఏందే, మమ్ముల జూసి నోరు మూసుకుంటున్నవ్? మా నోళ్లు వాసనొస్తున్నయా?" అన్నది. నాకు నోట మాట రాలేదు. నేను దాచుకున్నది నా పళ్లను. ఆమెకు అర్థమైంది మాత్రం ఆమె పళ్లంటే నాకు రోత అని. ఆ రోజు నుంచి హాస్టల్‌లోనే కాదు, ఊళ్లో కూడా నాకు చోటు లేదనిపించింది. రెండు దిక్కులా కానిదాన్నైన అన్న బాధ పదమూడేండ్ల పిల్లకు చాలా పెద్దది. అది చిన్నదని నీతో ఎవరన్నా అంటే నమ్మకు.

ఆ సెలవుల్లోనే ఒకరు ఇటుక పొడి రుద్దమన్నరు, ఇంకొకరు బొగ్గు, ఉప్పు అన్నరు, ఇంకెవరో నిమ్మచెక్క అన్నరు. అన్నీ రుద్దిన. చిగుళ్ల నుంచి రక్తం వచ్చింది, చల్లనీళ్లు తాగితే పళ్లు జివ్వుమన్నయి, మచ్చ మాత్రం కదలలేదు. ఇప్పుడు ఇవే వైద్యాలు ఫోన్‌లో వీడియోలై తిరుగుతున్నయి. ఒంటి రంగుకు, ఎత్తుకు, మొటిమలకు, గొంతుకు, దేనికైనా ఒకటి ఉంటది. పెద్దోళ్లకు, అందులోనూ తెలిసినోళ్లకు చూపించకుండ వాటి జోలికి పోవద్దు.

సంగతి ఏందో నాకు చెప్పింది డాక్టరు కాదు, టీచరు కాదు. దేవరకొండ దిక్కు తండా నుంచి వచ్చిన ఒక అమ్మాయి. ఆమె ఇంట్లో లంబాడీ మాట్లాడేది, తెలుగు మాట్లాడితే హాస్టల్‌లో ఆ యాసను తిప్పి తిప్పి అనేటోళ్లు. అందుకని ఆమె అన్నం చివరికి తినేది. నేనూ చివరికే తినేదాన్ని. నల్లా కాడ పళ్లేలు కడుగుతూ రోజూ ఇద్దరమే మిగిలేటోళ్లం. చాన్నాళ్లు ఒకరి మొఖం ఒకరం చూసుకోలేదు. ఒకనాడు ఆమెనే, "మీది బోరు నీళ్లా?" అని అడిగింది. అవునన్న. "మా తాతకు మోకాళ్లు ముడుసుకపోయినయ్. నీళ్లతోనట. నీ పళ్లు గూడ గదే" అన్నది, పళ్లెం తోముకుంటనే.

అప్పుడు నాకు మా పెదనాయిన గుర్తుకొచ్చిండు. ఆయన మెడ తిప్పి చూడలేడు. వెనుక నుంచి పిలిస్తే కర్ర ఊతంతో మొత్తం మనిషే తిరుగుతడు. వంగి చెప్పులు తొడుక్కోలేడు, కింద కూసుంటే ఇద్దరు లేపాలె. ఆయన నడుముకూ నా పళ్లకూ ఒక్కటే కారణం ఉండొచ్చని నాకెన్నడూ తట్టలేదు.

నీతో గట్టిగ చెప్పాలనుకున్న మాట ఇదే. నీలో ఏది వేరుగ ఉన్నదని నిన్ను పక్కన పెడుతున్నరో, అది అసలు ఏందో, ఎందుకు ఉన్నదో తెలుసుకో. పళ్లెం జరిపిన పిల్ల నుంచి కాదు, అది తెలిసినోళ్ల నుంచి. నాకు ఏ ధైర్యం మాటలూ పని చేయలేదు. "అట్లేం లేదు బిడ్డా, నువ్వు బంగారం" అని అమ్మ అంటే ఇంకా ఏడుపొచ్చేది. కారణం తెలిసినంకనే కొంచెం ఊపిరి ఆడింది.

ఆ ఏడు బడిలో సైన్స్ ఫెయిర్‌కు పేర్లు ఇయ్యమన్నరు. పెద్దగ ఎవరూ ముందుకు రాలేదు. ఆ అమ్మాయీ నేనూ "మా ఊరి నీళ్లు" అని రాసిచ్చినం. సంక్రాంతికి ఇంటికి పోయి, ఆమె తండా బోరు నుంచి ఒక సీసా, నేను మా ఊరి చేతిపంపు నుంచి ఒక సీసా పట్టుకొచ్చినం. హాస్టల్ నల్లా నీళ్లు మూడోది. సైన్స్ మేడం ఎక్కడి నుంచో పరీక్ష చేసే కిట్టు తెప్పించింది.

మూడు చిన్న గాజు గొట్టాలు, ఒక్కొక్కదాంట్లో గీత దాకా నీళ్లు. మేడం చుక్కల మందు వేసింది. మొదట మూడూ గులాబీ రంగులో ఉండె. మేడం గొట్టాలను కిటికీ దగ్గర తెల్లకాగితం ముందు నిలబెట్టి, "ఇగ చూడుండ్రి" అన్నది. హాస్టల్ నీళ్లు అట్లనే గులాబీగ నిలిచినయి. తండా నీళ్లు మెల్లగ నారింజ రంగుకు తిరిగినయి. మా ఊరి నీళ్లు నా కండ్ల ముందటనే పసుపు పచ్చగ అయినయి. ఎంత పసుపు తిరిగితే నీళ్లలో కరిగి ఉండే ఫ్లోరైడ్ అనే పదార్థం అంత ఎక్కువున్నట్టు. పక్కన రంగుల పట్టీ పెట్టి మేడం పోల్చి చూపించింది. తాగే నీళ్లలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దు, మావి అంతకు చాలా పైన ఉన్నయి. నా నోట్లో ఉన్నది ఆ గొట్టంలో కనబడింది. తోముకోకపోవడం కాదు, మురికి కాదు, మా అమ్మ సోమరితనం కాదు. నీళ్లు.

మేడం ఆనాడు చెప్పినవి, తర్వాత నేను చదువుకున్నవి కలిపి చెప్తా. మా దిక్కు నేల కింద ఉన్నది గ్రానైటు రాయి. దాంట్లోని ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ నీళ్లలో కరుగుతది. వానలు లేక బోర్లు లోతుకు పోయినకొద్దీ ఆ నీళ్లే తాగినం. పసిపిల్లకు చిగుళ్ల కింద అసలు పళ్లు తయారయ్యే వయసులో, అంటే ఎనిమిదేండ్ల లోపల, ఫ్లోరైడ్ ఎక్కువైతే పంటి పైపొర సరిగ గట్టిపడదు. పన్ను బయటికే మచ్చతో వస్తది, తర్వాత గోధుమరంగు ఎక్కుతది. అది ఎవరికీ అంటుకోదు. ఎంత రుద్దినా పోదు, ఎందుకంటే అది పంటి మీద లేదు, పంటిలోనే ఉన్నది. ఇంకా ఎక్కువ ఏండ్లు ఆ నీళ్లు తాగినోళ్లకు ఎముకల మీదికి పోతది, మా పెదనాయిన లెక్క.

ఇంకో రెండు ముచ్చట్లు నన్ను అప్పుడు నిలబెట్టినయి. 1996 పార్లమెంటు ఎన్నికల్లో ఈ ఫ్లోరైడ్ బాధ దేశానికి తెలియాలని మంచినీళ్ల కోసం కొట్లాడే జలసాధన సమితి పిలుపునిస్తే నల్గొండ సీటుకు 480 మంది పోటీకి నిలబడ్డరు. బ్యాలెట్ కాగితం పుస్తకమంత అయింది. ఆ ఏడు నాకు మూడేండ్లు. నా చిగుళ్ల కింద ఈ పళ్లు తయారైతున్న టైములోనే వందల మంది నామినేషన్ కాగితాలు పట్టుకొని మా నీళ్ల గురించి మొత్తుకుంటున్నరు. పదేండ్ల తర్వాత అదే సంగతిని నేను చేతి కింద దాచుకుంటున్న. రెండోది, నీళ్లలో ఫ్లోరైడ్ తీసే ఒక పద్ధతికి మా జిల్లా పేరే ఉన్నది, నల్గొండ టెక్నిక్ అని. నాగపూర్‌లోని నీరి అనే పరిశోధన సంస్థ వాళ్లు 1970లలో తయారుచేసిండ్రు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి, కలియబెట్టి, అడుగుకు దిగినంక పై నీళ్లు వడపోసుడు. ఆఫ్రికాలో టాంజానియా, ఇథియోపియాల్లో కూడా ఈ పేరుతోనే వాడి చూసిండ్రు. అంటే మా పళ్ల అసొంటి పళ్లు అక్కడా ఉన్నయన్నట్టు.

డిగ్రీలో ఉన్నప్పుడు ఇంకొకటి చదివిన. 1901లో ఫ్రెడరిక్ మెకే అనే పళ్ల డాక్టరు అమెరికాలో కొలరాడో స్ప్రింగ్స్ అనే ఊరికి పోతే అక్కడ పుట్టి పెరిగినోళ్ల పళ్ల మీద గోధుమరంగు మచ్చలు కనబడ్డయట. పెద్దయినంక ఆ ఊరికి వచ్చినోళ్లకు మాత్రం లేవు. కారణం నీళ్లలోని ఫ్లోరైడ్ అని తేలేసరికి 1931 వచ్చింది. ముప్పై ఏండ్లు ఒక చదువుకున్న మనిషి దీని వెంట పడ్డడు. నా నోరు చూసి మొఖం తిప్పుకునేటోళ్లే ఉంటరనుకున్న నాకు, ఇసొంటి నోర్లను చూసి ఎందుకని అడిగినాయన ఒకడున్నడని తెలిసి రాత్రి నిద్ర పట్టలేదు.

ఫెయిర్ రోజు నాకు కడుపులో తిప్పింది. మా టేబుల్ కాడికి ఒక సారు వచ్చి, గొట్టాలు చూసి, "ఈ నీళ్లు తాగితే ఏమైతది?" అని అడిగిండు. జవాబు చార్టు మీద రాసే ఉన్నది, ఆ అమ్మాయి చదవబోయింది. నేను చెయ్యి తీసి, నోరు తెరిచి, "ఇట్లయితది సార్" అన్న. ఆయన నవ్వలేదు. వంగి చూసిండు, మీ ఊరేదని అడిగిండు, ఊళ్లో పిల్లలెంత మందికి ఇట్లున్నదని అడిగిండు. ఆ తర్వాత మా టేబుల్ కాడికి వచ్చిన ప్రతి ఒక్కరికీ నేనే చెప్పిన. సాయంత్రానికి గొంతు పోయింది.

దాంతో అంతా మారిపోయిందని చెప్పను. పళ్లెం జరిపిన పిల్ల పదో తరగతి దాకా నాతో సరిగ మాట్లాడలేదు. కొందరు ఎక్కిరింపు మానలేదు. కానీ ఒకరిద్దరు పిల్లలు తమ ఊరి నీళ్లు సీసాల్లో పట్టుకొచ్చి చూడమన్నరు. అప్పుడు వాళ్ల కండ్లు నా మొఖం మీద లేవు, గొట్టం మీద ఉన్నయి. నలుగురి నడుమ కూసొనుడు కష్టమనిపిస్తే నీకు కూడా ఇది పని చేస్తదేమో చూడు. చేతులకు పని ఉండాలె, అందరి చూపు ఆ పని మీద ఉండాలె. మొక్కలు కావొచ్చు, కబడ్డీ కావొచ్చు, సైకిల్ రిపేరు కావొచ్చు, బొమ్మలు గీసుడు కావొచ్చు. దోస్తానా చేద్దామని కూసుంటే మాట రాదు, పని చేస్తుంటే మాట దానంతట అదే వస్తది.

ఇంకోటి, నీ క్లాసులో చివరికి తినేటోళ్లు నువ్వు ఒక్కదానివే కాదు. గుంపు దిక్కే చూస్తుంటే పక్కన ఉన్న మనిషి కనబడదు. నాకూ ఆ తండా అమ్మాయికీ ఇష్టాలు ఒక్కటి కూడా కలవవు, నాకు లెక్కలు ఇష్టం, ఆమెకు చెట్లెక్కుడు ఇష్టం. అయినా ఇప్పటికీ ఏ పండుగకైనా మొదటి ఫోన్ ఆమెదే.

ఇంట్లో చెప్పుడు అన్నిటికంటే కష్టమైంది. ఎండాకాలం సెలవుల్లో పసుపు తిరిగిన నీళ్ల సంగతి చెప్తే మా అమ్మ పొయ్యి కాడ అట్లనే కూసున్నది. "నేను తాపిన నీళ్లేనా బిడ్డా" అన్నది. ఆమె తప్పేం లేదని, ఆమె కూడా అవే తాగిందని చెప్పేసరికి నాకు తాతలు దిగొచ్చినరు. పెద్దమ్మ కాడికి కూడా పోయి, చెయ్యి ఎందుకు అడ్డం పెట్టుకున్ననో చెప్పిన. ఆమె నన్ను దగ్గరికి తీసుకొని, "నా తల్లీ, నాకు గట్లనిపించింది గని" అన్నది, ఇద్దరం ఏడ్చినం.

పెద్దోళ్లకు చెప్పేటప్పుడు "నాకు బాగలేదు" అంటే వాళ్లకు జ్వరమనిపిస్తది. ఏం జరిగిందో, ఎప్పుడో, ఎక్కడో చెప్పు. అన్నం కాడ పళ్లెం జరిపిండ్రు అని చెప్పు, ఫలానా పేరుతో పిలుస్తున్నరు అని చెప్పు. ఒకరు "గదేం పెద్దది" అని కొట్టిపారేస్తే ఇంకొకరికి చెప్పు. మేనత్త, బాబాయి, టీచరు, అంగన్‌వాడీ ఆయమ్మ, ఎవరైనా సరే.

పళ్లకు వైద్యం ఉద్యోగంలో చేరినంకనే చేయించుకున్న, నార్కట్‌పల్లి దిక్కు డెంటల్ కాలేజీలో. మొదటి రోజు మచ్చలు ఎంత లోతున్నయో చూసి ఫోటోలు తీసుకున్నరు. తర్వాత చిగుళ్లకు తగలకుండ పల్చటి రబ్బరు షీటు బిగించి, ఆమ్లం కలిసిన పేస్టుతో పైపొరను కొంచెం కొంచెంగ రుద్ది, నీళ్లతో కడిగి, మళ్లా రుద్దిండ్రు. ఇంటి కాడ ఇటుక పొడి రుద్దుడుకు దీనికి పోలికే లేదు, ఎంత పొర తీయాలో వాళ్లకు లెక్క ఉంటది. మిగిలిన రంగుకు బ్లీచింగ్ చేసిండ్రు, గుంటలు పడ్డ పళ్లకు పంటి రంగు పదార్థం నింపిండ్రు. కొన్నాళ్లు పళ్లు జివ్వుమన్నయి. చారలు చాలా తగ్గినయి, పూర్తిగ పోలేదు. నీ వయసుకు ఏది చేయాలో, ఎప్పుడు చేయాలో డాక్టరే చెప్పాలె, అందరికీ ఒక్కటే వైద్యం ఉండదు.

పళ్లు బాగైనంక కూడా చెయ్యి మాత్రం నోటి మీదికి పోవుడు మానలేదు. ఆఫీసులో నవ్వితే ఇప్పటికీ అప్పుడప్పుడు సగం దాకా లేస్తది. అందుకే వైద్యం అయినంక దోస్తులను చేసుకుంట, సన్నబడినంక ఫోటో దిగుత, ఇంగ్లీషు వచ్చినంక మాట్లాడుత అని నువ్వు ఆగొద్దు. వైద్యం చేయించుకో, కానీ దానికోసం ఈ ఏండ్లను ఆపుకొని కూసోకు. నేను తండా అమ్మాయితో పొట్ట పట్టుకొని నవ్వింది అన్ని చారలూ ఉన్నప్పుడే.

2015లో చౌటుప్పల్‌లో పైలాన్ వేసి మొదలుపెట్టిన మిషన్ భగీరథతో మా ఊరికి కృష్ణా నీళ్లు నల్లాల్లో వచ్చినయి. ఇప్పుడు మా ఊరి చిన్నపిల్లలకు పాలపళ్లు ఊడి కొత్తవి తెల్లగ వస్తున్నయి. పెద్దోళ్ల నడుములు మాత్రం తిరిగి నిటారు కావు. మా ఈడు వాళ్లం పెండ్లిళ్లలో కలిసినప్పుడు గ్రూపు ఫోటోలో మా పళ్లు చూసి పిల్లలు అడుగుతరు. కూసోబెట్టి చెప్తం.

ఇక్కడిదాకా చదివినంక కూడా నీకు తిండి పోతలేకపోతే, నిద్ర రాకపోతే, బడికి పోవాలంటే పొద్దున్నే కడుపు నొప్పి వస్తుంటే, లేదా బతకాలనిపిస్తలేకపోతే, అది ఒంటరిగ మోసేది కాదు. 14416కి ఫోన్ చెయ్యి, అది టెలీ మానస్, మనసు బాగలేనోళ్లతో మాట్లాడేందుకు సర్కారు పెట్టిన నంబరు. రాత్రి పగలు ఎత్తుతరు, తెలుగులో మాట్లాడొచ్చు, పైసలు పడవు. బడిలో గానీ హాస్టల్‌లో గానీ ఎవరైనా కొడుతున్నా, భయపెడుతున్నా, తాకకూడని తీరుగ తాకుతున్నా 1098కి చెయ్యి, అది పిల్లల కోసమే పెట్టిన నంబరు. నీ దగ్గర ఫోన్ లేకపోతే వార్డెన్‌ను గానీ, టీచర్‌ను గానీ, కిరాణా దుకాణమాయనను గానీ అడుగు. ఎందుకని అడిగితే ఇంటికి చేయాలె అంటే చాలు.